కంట్రోల్ బర్రెలు

ఆ రోజు పొద్దున సింధూజ వేసుకున్న పథకం చాలా సులువైనది. ఇషాక్ దుకాణం తెరవగానే ప్లాస్టిక్ బిళ్లలు తీసుకోవాలి, స్కూటీ మీద మల్లారం ఖుర్దు వెళ్లాలి, రెండు డజన్ల బర్రెల మెడల్లో రెండు డజన్ల బిళ్లలు కట్టాలి, మధ్యాహ్నం ప్రొఫెసర్ గారు వచ్చేసరికి చెమట తుడుచుకుని నమస్కారం పెట్టాలి. ఇంత సులువైన పథకం గనుకే ఆమెకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. కంఠేశ్వర్‌లోని అద్దె గదిలో పళ్లు తోముకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. పొయ్యి మీద చాయ్ పెట్టి మరిచిపోయింది. మాడిన గిన్నెను నానబెట్టి, ఇంకో గిన్నెలో చాయ్ పెట్టి దాన్నీ మరిచిపోయింది. కుదురుగా కూర్చునే రాత ఈ పిల్లకు లేదని ఆమె తల్లి ఎప్పుడో తేల్చేసింది.

సింధూజ పశువైద్యం చదివి ఇప్పుడు పరిశోధన చేస్తోంది. బోధన్ చుట్టుపక్కల చెరుకు నరికే కాలం వచ్చిందంటే బర్రెలకు పండగ. చెరుకు కొసలు ఊరికే దొరుకుతాయి కాబట్టి రైతులు నెలల తరబడి అవే మేపుతారు. ఆ కొసల్లో ఉన్న ఒక పదార్థం బర్రె ఒంట్లోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, పట్టేసుకుంటుంది. పాలు తగ్గుతాయి, ఈనిన బర్రె లేవలేక కూలబడుతుంది. దాణాలో రోజూ గుప్పెడు ఖనిజ లవణాల పొడి కలిపితే ఈ బాధ తప్పుతుందా అన్నది ఆమె తేల్చాల్సిన సంగతి. అందుకు సగం బర్రెలకు ఆ పొడి పెట్టాలి, మిగతా సగానికి ఉత్త తవుడు పెట్టాలి, మూడు నెలలు పాలూ రక్తమూ పరీక్షించి పోల్చి చూడాలి. పొడి తినేది మందు గుంపు. ఉత్త తవుడు తినే గుంపును పరిశోధన చేసేవాళ్లు కంట్రోల్ అంటారు.

ఈ పనికి ఉన్న నిధి ఒకటే, అడిగినవాళ్లు ఇద్దరు. ఏర్గట్ల వైపు కోళ్లకు పసుపు దంచి పెట్టి చూస్తానని శ్రావణ్ అనే ఇంకో విద్యార్థి కాచుకుని ఉన్నాడు. ప్రొఫెసర్ ఆత్మారాం మల్లారం వచ్చి, బర్రెలను చూసి, సరేనంటే ఆ సాయంత్రం నుంచే పొడి మొదలవుతుంది. కాదంటే సింధూజ ఏడాదిగా దుమ్ములో తిరిగిన తిరుగుడంతా కోళ్ల పాలవుతుంది.

ఆమెను లోలోపల తొలుస్తున్నది మరొకటి ఉంది. ఏ బర్రె ఏ గుంపులోకి పోవాలో చీటీలు తీసి తేల్చాలని, మనిషి ఇష్టం అందులో వేలు పెట్టకూడదని సారు మొదటి రోజే చెప్పాడు. ఆమె చీటీలు తీయలేదు. ఊళ్లో పొడి పంచాల్సిన కొమురయ్య, ఇల్లు విడిచి ఇల్లు పంచాలంటే తనకు తికమక అవుతుందని మొత్తుకుంటే, మీది వాడ మొత్తం మందు, కింది వాడ మొత్తం కంట్రోల్ అని సులువు చేసేసింది. ఎగువనున్న మీది వాడకు బోర్లున్నాయి, పచ్చిగడ్డి ఉంది. కింది వాడకు ఆ రెండూ లేవు. రేపు మీది వాడ బర్రెలు ఎక్కువ పాలిస్తే అది పొడి మహిమో గడ్డి మహిమో ఎవరూ చెప్పలేరు. సారుకు పంపిన కాగితాల్లో ఈ సంగతి ఒక మూల ఉంది గానీ, పెద్దవాళ్లు కాగితాలు చదవరన్న నమ్మకంతో ఆమె బతుకుతోంది.

బిళ్లల సంగతి ముందు రోజు ఫోన్లోనే చెప్పింది. బస్టాండ్ వెనుక సందులో ఇషాక్‌ది బండ్ల నంబరు ప్లేట్లు, రబ్బరు ముద్రలు చేసే దుకాణం. ఒక డజను మీద ఏ అనీ, ఇంకో డజను మీద బీ అనీ రాయమంది. అవతల మిషను గర్రుమంటూ ఉంది. ఏ అంటే ఏమిటి, బీ అంటే ఏమిటి అని ఇషాక్ రెండుసార్లు అడిగాడు. ఆమెకు అప్పటికే ఓపిక అయిపోయింది. ఏ అంటే మందు, బీ అంటే కంట్రోల్ అని గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలిచిందన్నట్టు, స్కూటీ తాళం చేతిలోకి తీసుకోగానే ఫోన్ మోగింది. ప్రొఫెసర్ గారు రాత్రి రైలుకే వచ్చి నిజామాబాద్ స్టేషన్లో కూర్చుని ఉన్నారట. తొందరేమీ లేదు, మెల్లగా వచ్చి తీసుకెళ్లమన్నారు. ఆ మెల్లగా అన్న మాట వినగానే సింధూజకు తొందర రెట్టింపయింది. తవుడు బస్తాల కోసం కొమురయ్య ఆ పొద్దునే ట్రాలీ ఆటోలో పట్నం వచ్చి ఉన్నాడు. ఊళ్లో పశువులకు సూదులు వేసేవాడు, ఆమెకు కుడిచేయి. బిళ్లల డబ్బా ఇషాక్ దగ్గర నువ్వే తీసుకుని, మీది వాడకు ఒక రకం, కింది వాడకు ఒక రకం కట్టెయ్యమని అతనికి పురమాయించి, ఆమె స్టేషన్‌కు పరుగెత్తింది. డబ్బా విప్పి చూసుకునే తీరిక ఎవరికుంది?

మల్లారంలో కొమురయ్య డబ్బా విప్పాడు. పసుపుపచ్చ బిళ్లల మీద ఎర్రటి అక్షరాలు, కళ్లజోడు లేనివాళ్లకు కూడా కనబడేంత లావుగా ఉన్నాయి. సగం వాటి మీద 'మందు' అని, సగం వాటి మీద 'కంట్రోల్' అని ఉంది. అతనికి ఇందులో వింతేమీ తోచలేదు. మేడం చదువుకున్న మనిషి, ఏదో ఆలోచించే రాయించి ఉంటుందనుకుని మీది వాడ బర్రెలకు మందు బిళ్లలు, కింది వాడ బర్రెలకు కంట్రోల్ బిళ్లలు చకచకా కట్టేశాడు. కట్టినంతసేపూ పట్టలేదు, గొడవ మొదలు కావడానికి.

ఈ జిల్లాలో కంట్రోల్ అన్న మాటకు అర్థం ఒక్కటే. చౌకధరల దుకాణాన్ని ఇక్కడ కంట్రోల్ దుకాణం అంటారు, అక్కడ ఇచ్చే బియ్యాన్ని కంట్రోల్ బియ్యం అంటారు. ఏళ్ల తరబడి అందులో దొడ్డు బియ్యమే వచ్చాయి కాబట్టి ఆ మాటకు కాస్త చిన్నచూపు కూడా అంటుకుంది. చుట్టాలొస్తే ఆ బియ్యం డబ్బాను మంచం కిందికి నెట్టిన ఇళ్లు కింది వాడలో చాలా ఉన్నాయి. అలాంటి మాటను తన బర్రె మెడలో చూసి వెంకటవ్వకు ఒళ్లు మండింది. కింది వాడలో మాట చెల్లే మనిషి ఆమె. ఆమె బర్రె తల్లి హర్యానా నుంచి లారీలో దిగిన ముర్రా జాతిది, ఆ సంగతి ఊళ్లో ఎవరినీ మరిచిపోనివ్వదు.

"నా బర్రె కంట్రోల్ బర్రెనా కొమురయ్యా? పూటకు గిన్నెడు జొన్న గట్క పోసి సాదిన బర్రె. దాని మెడల కంట్రోల్ అని రాసి కడ్తవా?" అని నిలదీసింది.

అంతలోనే మీది వాడ నుంచి సత్తవ్వ వచ్చింది. అక్కడి గొడవ వేరు. మందు అంటే ఒంటికి వేసుకునేదీ అవుతుంది, సీసాలో తెచ్చుకునేదీ అవుతుంది. సత్తవ్వ భర్తకు రెండోదానితోనే పరిచయం ఎక్కువ.

"మా ఆయన తాగుతడని ఊరందరికి ఎరికే. గది బర్రె మెడల ఎందుకు రాసి కట్టాలె?" అంది ఆమె. గొంతు మెల్లగానే ఉంది గానీ, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. కొమురయ్య నిజంగానే బాధపడ్డాడు. రెండు వాడల నడుమ నిలబడి మేడంకు ఫోన్ చేశాడు.

మేడం అప్పుడు ప్రొఫెసర్ గారికి ఎదురుగా ఇడ్లీ ముందు కూర్చుని ఉంది. ఆత్మారాం గారికి ఎక్కడికీ పోవాలన్న తొందర ఉన్నట్టు లేదు. కంఠేశ్వర్ గుడి పక్కనే గది పెట్టుకుని దర్శనం చేయించకపోతే ఎలా అని, ముందు గుడికి తీసుకెళ్లమన్నాడు. ఒక్కో స్తంభం ముందు ఆగాడు. తర్వాత టిఫిన్ అన్నాడు. బర్రెల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయన నెమ్మదిగా చట్నీ అద్దుకుంటుంటే బల్ల కింద సింధూజ మోకాలు ఆగకుండా ఊగుతోంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని పెద్దలు ఊరికే అనలేదు.

"మేడం, కంట్రోల్ బర్రెలకు ఏమిస్తరని అడుగుతుండ్రు" అన్నాడు ఫోన్లో కొమురయ్య.

ఉత్త తవుడు అని సారు ముందు ఎలా చెప్పడం? ఏ బర్రెకు ఏది పెడుతున్నామో యజమానులకు తెలియకపోతేనే మంచిదని చెప్పింది ఆయనే. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని గొంతు తగ్గించింది.

"దాణాల ఇస్తం. సాయంత్రం నుంచి. బిళ్ల ఉన్న బర్రెలకే. ఇప్పుడు మాట్లాడలేను" అని పెట్టేసింది.

దాణాలో కలిపి ఇస్తామన్నది ఆమె ఉద్దేశం. ఫోన్ దిగేసరికి అందులో 'ల' అక్షరం రాలిపోయింది. కంట్రోల్ బర్రెలకు సాయంత్రం నుంచి దాణా ఇస్తారట అని కొమురయ్య చెప్పాడు. కంట్రోల్ అంటే ఉత్త తవుడని ఆమె అతనికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. అతను అబద్ధమాడే మనిషి కాదు, విన్నదే చెప్పాడు.

వెంకటవ్వ ముఖంలో రంగు మారింది. బుర్ర చురుకైన మనిషి, లెక్క వెంటనే కట్టేసింది. ఇప్పుడు కంట్రోల్ దుకాణంలో దొడ్డు బియ్యం పోయి సన్నబియ్యం వస్తున్నాయి. మనుషులకు సన్నబియ్యం ఇచ్చిన సర్కారు పశువులకు దాణా ఇస్తే వింతేముంది? మంచం కిందికి నెట్టిన డబ్బాలు ఇప్పుడు ఇంటి నడిమధ్యకు వచ్చాయి. ఇదీ అంతే. ఇందాక బిళ్ల తెంపబోయిన చేత్తోనే ఆమె దాన్ని ఇంకో ముడి వేసి బిగించింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఈ వార్త కింది వాడ దాటి మీది వాడకు, మీది వాడ దాటి పొలాలకు పోయింది.

మీది వాడకు ఇది ఘోరమైన అన్యాయంగా కనిపించింది. తమకు మందని అవమానం రాసి, వాళ్లకు కంట్రోలని దాణా రాస్తారా? సత్తవ్వ రెండు నాటుకోళ్లు తీసుకొచ్చి ఒక కంట్రోల్ బిళ్లకు బేరం పెట్టింది. ఇంకొకరు పేడ ఎత్తే పని నెల రోజులు చేస్తామన్నారు. బేరాలతో తెగనివి రాత్రి దాకా ఆగలేదు, పట్టపగలే మాయమయ్యాయి. యజమాని పొలం నుంచి వచ్చేసరికి బర్రె మెడలో తాడు ముక్క మిగిలింది. ఒక కంట్రోల్ బిళ్ల దున్నపోతు మెడకెక్కింది. ఇంకొకటి మేక మెడలో తేలింది, అదేమంటే అది కూడా ఆకలున్న జీవమే కదా అన్నారు. ఎవరికీ అక్కరలేని మందు బిళ్లలు దడుల మీదా కరెంటు స్తంభాల మీదా వేలాడాయి. ఒకటి సత్తవ్వ భర్త మంచం కోడుకు కట్టి ఉంది. అది అక్కడుండటం తప్పని ఎవరూ అనలేదు, సత్తవ్వతో సహా.

అప్పుడెవరో ఒక మాట అన్నారు. దాణా కంట్రోల్‌ది అయినప్పుడు ఇచ్చేది కంట్రోల్ దుకాణంలోనే కదా, ఇక్కడ కొట్టుకుంటే ఏం లాభం? ఆ మాట నోట్లో ఉండగానే బర్రెలు కదిలాయి.

కంట్రోల్ దుకాణం ఊరి మొదట్లో, బోధన్ రోడ్డు పక్కన ఉంది. నడిపేది చంద్రయ్య. నెలాఖరు, బియ్యం పంచడం అయిపోయింది, ఆయన తలుపు దగ్గరికేసి కునుకు తీద్దామని కూర్చున్నాడు. కళ్లు తెరిచేసరికి కిటికీలోంచి ఒక ముర్రా బర్రె తల లోపలికి పెట్టి త్రాసు నాకుతోంది. వెనుక ఊరంతా ఉంది. వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నీడకు పోయిన అనుభవం వాళ్లకుంది కాబట్టి, బర్రెలనూ అలాగే వరుసగా గుంజలకు కట్టి పక్కకు కూర్చున్నారు. చంద్రయ్య దాణా లేదన్నాడు, అలాంటి పథకమే లేదన్నాడు, తన తల మీద ఒట్టు వేశాడు. సన్నబియ్యం వచ్చే ముందు కూడా తనకేమీ తెలియదనే చెప్పాడు కదా అని జనం నవ్వారు. ఆయన తలుపు మూస్తే కిటికీ దగ్గరికి వచ్చారు, కిటికీ మూస్తే వెనక వాకిలి దగ్గరికి వచ్చారు. చివరికి విసిగిపోయి, వీళ్లను ఎలాగైనా ఇళ్లకు పంపితే చాలుననుకుని, బియ్యం ధరలు రాసే నల్ల పలక తుడిచి సుద్దముక్కతో రాసి బయట వేలాడదీశాడు.

'బర్రెల దాణా స్టాక్ ఇంకా రాలేదు.'

ఆ 'ఇంకా' అన్న మాటే కొంప ముంచింది. అప్పటిదాకా సగం నమ్మి సగం నమ్మనివాళ్లు కూడా నిప్పు లేనిదే పొగ రాదని కూర్చున్న చోటే బాసింపట్టు వేశారు. పలక ఫోటో పక్క ఊళ్ల ఫోన్లలోకి పోయింది. పక్క ఊళ్ల బర్రెలు కూడా మెడలో ఏమీ లేకుండానే వరుసలో చేరాయి. చెరుకు ట్రాక్టర్లు వెనక వెనక ఆగిపోయాయి. ముందు నిలబడిన బర్రెలు స్టాక్ కోసం కాచుకుంటూ, వెనకనున్న ట్రాలీల్లోంచి చెరుకు లాక్కుని తింటున్నాయి.

నిజామాబాద్ బజారులో ఆత్మారాం గారు పసుపు కొమ్ములు బేరమాడుతున్నాడు. ఇవి ఏర్గట్ల కొమ్ములేనా, అక్కడి పసుపు మంచిదేనా అని దుకాణదారును పదే పదే అడుగుతుంటే, సింధూజ గుండె ఒక్కో కొమ్ముకు ఒక్కో మెట్టు దిగింది. ఏర్గట్ల పేరు ఎత్తుతున్నాడంటే తన పని అయిపోయినట్టే అనిపించింది. ఏడుపు వస్తే ఇక్కడ రాకూడదని పెదవి కొరుక్కుంది. సరిగ్గా అప్పుడే కొమురయ్య మళ్లీ ఫోన్ చేశాడు.

"మేడం, స్టాక్ ఇంక రాలేదని పలక మీద రాసిండు. ఎప్పుడొస్తదో మీరే చెప్పాలె. జనం ఊకుంటలేరు" అన్నాడు.

ఏం స్టాక్, ఎవరు రాశారు అని ఆమె అడుగుతుండగా ఒక బర్రె అరుపు వినిపించి లైను తెగిపోయింది. ఇక ఆగలేక, సార్, ఇప్పుడే పోదాం అంది. ఆత్మారాం గారు పసుపు సంచి చంకలో పెట్టుకుని, నీ ఇష్టం అమ్మా అన్నాడు.

మాట్లాడుకున్న అద్దె కారు ఊరు దాకా పోలేదు. ట్రాక్టర్ల వెనక ఆగిపోతే ఇద్దరూ దిగి నడిచారు. దుకాణానికి కాస్త దూరంలో సింధూజకు ఎదురుగా ఒక మేక వచ్చింది. మెడలో పసుపుపచ్చ బిళ్ల, బిళ్ల మీద ఎర్రటి అక్షరాలు. ఆమె అక్కడే నిలబడిపోయింది. పొద్దుటి నుంచి ఆగని కాళ్లు ఆ ఒక్క క్షణం ఆగాయి. ఇషాక్‌కు ఫోన్ చేసి, ఇదేం పని అని అడిగింది.

"ఏ, బీ అంటె ఎవరికి సమజైతది మేడం? మీరు ఫోన్ల మతలబ్ చెప్పిండ్రు గద, గదే సాఫ్‌గ రాసిన. అక్షరాలు పెద్దగ మంచిగ వచ్చినయి గద?" అన్నాడు ఇషాక్, సంతోషంగా.

అతని సంతోషం విని తిట్టడానికి నోరు రాలేదు. మంచిగా వచ్చాయని చెప్పి పెట్టేసింది. మందు గుంపు లేదు, కంట్రోల్ గుంపు లేదు. ఉన్నది ఒక గుంపే, అది రోడ్డు మీద ఉంది. ఏడాది కష్టం సారు కళ్లముందే చెరుకు నములుతూ నిలబడి ఉంది.

దుకాణం మెట్ల దగ్గర అప్పటికి గొడవ ముదిరి, రెండు వాడల మగవాళ్లు చొక్కాలు పట్టుకునే దాకా వచ్చి, వెంకటవ్వ చేతుల్లోకి పోయింది. మల్లారంలో ఏదైనా అందరికీ సరిపోకపోతే చేసే పని ఒక్కటే. చెరువులో చేపలు తక్కువ పడినా, లారీలో యూరియా తక్కువ దిగినా, చీటీ తీస్తారు. చీటీలో వచ్చింది దేవుడిచ్చినట్టు, దాని మీద మళ్లీ మాట ఉండదు. ఎవరు ఎవరి మెడ నుంచి తెంపారో అడగను గానీ బిళ్లలన్నీ ఈ తట్టలో పడాలని వెంకటవ్వ చెప్పింది. దున్నపోతు మెడలోదీ, దడి మీదిదీ, మంచం కోడుదీ అన్నీ వచ్చి పడ్డాయి. మేక వెనక సత్తవ్వే పరుగెత్తి తెచ్చింది. పరిశోధనకు మొదట పేర్లిచ్చిన రెండు డజన్ల ఇళ్లవాళ్లే తీయాలి, పక్క ఊళ్లవాళ్లు పక్కకు జరగాలి అని తీర్పయింది. ఒక్కొక్కరే కళ్లకు కొంగు కట్టుకుని తట్టలో చేయి పెట్టారు. కంట్రోల్ వచ్చినవాళ్లు దండం పెట్టుకున్నారు, మందు వచ్చినవాళ్లు నిట్టూర్చి కట్టుకున్నారు. సత్తవ్వకు కంట్రోల్ వచ్చింది. వెంకటవ్వకూ కంట్రోలే వచ్చింది.

ఆత్మారాం గారు పసుపు సంచి కింద పెట్టి మొదటి నుంచి చివరి దాకా చూశాడు. ఎవరు ఏ వాడవాళ్లని కొమురయ్యను అడిగాడు, రెండు వాడలూ కలగలిసిపోయాయని తెలుసుకున్నాడు. తర్వాత సింధూజ వైపు తిరిగాడు. ఆమె క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచింది గానీ ఆయన చేయెత్తి ఆపాడు.

"అమ్మా, నీ కాగితాలు రైల్ల చదివిన. మీది వాడ ఒక గుంపు, కింది వాడ ఒక గుంపు అని చూసి, ఈ పని శ్రావణ్‌కే ఇద్దామని తేల్చుకునే వచ్చిన. నీకు ఎట్ల చెప్పాల్నో తెలియక పొద్దటి నుంచి గుడి, బజారు తిరిగిన. ఇప్పుడు చూస్తే చీటీ తీసి పంచినవ్. అది కూడా నువ్వు చెయ్యి పెట్టకుండ. నేను ఇన్నేండ్లు చెప్పినా పిల్లలెవ్వరు ఇంత నిజాయితీగ చెయ్యలే" అన్నాడు.

సింధూజకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. యజమానులకు ఏది ఏ గుంపో తెలిసిపోయింది కదా సార్ అని నసిగింది. తెలిస్తే తెలిసింది, బర్రెకైతే చదవడం రాదు, దాని రక్తంలో సున్నాన్ని మాటలతో ఎవరూ పెంచలేరు అన్నాడాయన. సాయంత్రం నుంచే మొదలు పెట్టమన్నాడు.

గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంది గానీ, అది పూర్తిగా లోపలికి పోలేదు. కంట్రోల్ వచ్చినవాళ్లు బర్రెలకు పసుపు కుంకుమ పెడుతున్నారు. వాళ్లు గెలుచుకున్నది ఉత్త తవుడని వాళ్లకు తెలియదు. ఇంతటి నమ్మకాన్ని చూస్తూ మూడు నెలలు తవుడు పెట్టడం ఆమె వల్ల కాదు. చెబితే అందరూ తిరగబడి బర్రెలను విప్పుకుపోతారు, పని మళ్లీ ఏర్గట్ల పోతుంది. అయినా చెప్పింది. మెట్ల మీదికెక్కి, ఆగితే మళ్లీ ధైర్యం రాదన్నట్టు గబగబా చెప్పేసింది.

"దాణా పథకం ఏదీ లేదు అవ్వా. అసలు పొడి ఇచ్చేది మందు బిళ్ల వచ్చినోళ్లకే. కంట్రోల్ అంటే ఉత్త తవుడు. మూడు నెలలు పోయినాక మీకు కూడా ఆ పొడే ఇస్తం."

బర్రెలు చెరుకు నములుతూనే ఉన్నాయి. మందు వచ్చినవాళ్లు బిళ్లలను కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. అందరూ వెంకటవ్వ వైపు చూశారు. ఆమె తన బర్రె మెడలోని బిళ్లను ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"తవుడా? మంచిగనె ఉన్నది గద బిడ్డా" అంది. "కంట్రోల్ల మొదాలు గట్లనే ఇస్తరు. దొడ్డు బియ్యం తిని తిని ఎన్నేండ్లకు సన్నబియ్యం వచ్చె మాకు? నా బర్రె మూడు నెల్లు ఓపిక పట్టదా?"

సత్తవ్వ తలూపింది. చీటీలో వచ్చినదాని మీద మాట లేదు కాబట్టి మిగతావాళ్లూ తలూపారు. ఎవరి బర్రెను వాళ్లు విప్పుకున్నారు, ట్రాక్టర్లు కదిలాయి. సింధూజ చాలా రోజుల తర్వాత మొదటిసారి కుదురుగా కూర్చుంది, అదీ కంట్రోల్ దుకాణం మెట్ల మీద. కొమురయ్య తవుడు బస్తా మూతి విప్పాడు. ఆత్మారాం గారు పసుపు సంచి దగ్గరికి వచ్చి చూసేసరికి, సగం కొమ్ములు వరుసలోని ఏదో బర్రె తినేసి ఉంది. శ్రావణ్‌కు ఈ సంగతి చెప్పొద్దని సింధూజను హెచ్చరించాడు.

చంద్రయ్య పలక తీసెయ్యబోతే జనం ఒప్పుకోలేదు. అది ఇప్పటికీ ఆ దుకాణం ముందు వేలాడుతోంది, దాని మీద రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.